పూలలోయ ముసురులో షెల్ జాకెట్

ఉత్తరాఖండ్‌లోని పూలలోయని జూన్ 1న తెరిచి అక్టోబరు 31న మూసేస్తారు. పూలు విరగబూసేది మాత్రం జులై, ఆగస్టుల్లో, ముసురు పట్టి వదలని రోజుల్లో. వానని ఆపుతూ చెమట ఆవిరిని బయటికి వదిలే గోర్‌టెక్స్ లాంటి షెల్ జాకెట్ వేలకు వేలు పోసి కొనాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లకి ఆ దారిలో జవాబు దొరుకుతుంది. మేం ఆగస్టులో నడిచాం. గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా షేర్ జీపు, అక్కడి నుంచి మకాం ఊరైన ఘంగారియాకి సుమారు 10 కిలోమీటర్ల ఎక్కుడు.

పుల్నా దాటగానే సన్నజల్లు మొదలైంది. వీపున బరువు, ఎదురుగా ఏటవాలు దారి. కాసేపటికే ఖరీదైన జాకెట్లు వేసుకున్నవాళ్ల చొక్కాలు కూడా లోపల తడిశాయి. జాకెట్ కారుతోందని అందరూ అనుకుంటారు గానీ అదంతా చెమటే. జాకెట్ బట్టలో నీళ్లని ఆపే పలుచని పొరని మెంబ్రేన్ అంటారు. అది ఆవిరిని బయటికి తోయలేదు. లోపల ఆవిరి పీడనం ఎక్కువగా, బయట తక్కువగా ఉంటే ఆవిరి తనంతట తనే బయటికి పోతుంది. గాలిలో తేమ నూరు శాతం ఉన్నప్పుడు 20 డిగ్రీల దగ్గర ఆ పీడనం 2.3 కిలోపాస్కల్‌లు, 5 డిగ్రీల దగ్గర 0.9 కూడా ఉండదు. అందుకే కింద ఉక్కపోసిన జాకెట్టే, 4 వేల మీటర్లు దాటాక హేమకుండ్ సాహిబ్ గురుద్వారా దగ్గర హాయిగా పనిచేసింది. ఇక 30 డిగ్రీల వాన గాలిలో ఆ అంకె 4.2. జులైలో నల్లమలలోనో పాపికొండల్లోనో నడిచేవాళ్లకి నేనైతే గొడుగే చెబుతాను. అక్కడి చెమటకి ఏ బ్రాండూ ఆగదు.

కాబట్టి ముందు చూడాల్సింది చంకల కింది జిప్పులు. పక్కటెముకల నుంచి మోచేతి వైపుకి కనీసం 25 సెంటీమీటర్లు తెరుచుకోవాలి. రెండు కొసల నుంచీ తెరిచే జిప్ అయితే, కింది కొస బ్యాగు పట్టీల దగ్గర ఇరుక్కున్నా పైనుంచి తీసుకోవచ్చు. బరువు తగ్గించాలని ఈ జిప్పులు ఎత్తేసిన తేలికపాటి జాకెట్లు చాలా ఉన్నాయి. చలిగాలి కొండలకి సరిపోతాయేమో గానీ మన ముసురుకి పనికిరావు. ఘంగారియా దాకా మేం చంక జిప్పులు పూర్తిగా తెరిచి, మెడ జిప్ ఛాతీ దాకా దించి ఎక్కాం. వాన గట్టిపడ్డప్పుడే మెడ దగ్గర మూశాం.

తర్వాత పొరలు. బయటి బట్ట, మెంబ్రేన్, లోపలి పలుచని బట్ట మూడూ అతికి ఉండే 3-లేయర్ తీసుకోండి. 2.5-లేయర్‌లో లోపల బట్ట ఉండదు, మెంబ్రేన్ మీద పూత మాత్రమే. చెమట పడితే చేతికి అంటుకుపోతుంది, బ్యాగు పట్టీల రాపిడికి ముందు అదే అరుగుతుంది. పాలీయురెథేన్ పూత వేడికీ తేమకీ కుళ్లి పొట్టులా రాలుతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో అలాంటి జాకెట్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పడేస్తే త్వరలోనే పాడవుతుంది. పూర్తిగా ఆరబెట్టి బీరువాలో హ్యాంగర్‌కి వేలాడదీయాలి.

ట్యాగ్ మీది 20,000 మి.మీ. అంటే, ల్యాబులో అంత ఎత్తు నీటి స్తంభం ఒత్తిడికి బట్ట తట్టుకుందని. వాన చినుకుకి అంత అక్కర్లేదు. పట్టీల ఒత్తిడికీ, వాడకంలో వచ్చే అరుగుదలకీ కాస్త మిగులు ఉండాలి, అంతే. 20,000 దాటాక పెరిగే అంకెకి డబ్బు పోయడం దండగ. ఆవిరి ఎంత పోతుందో చెప్పే గ్రాముల లెక్కని రకరకాల పద్ధతుల్లో తీస్తారు కాబట్టి రెండు కంపెనీల అంకెలు పోల్చి లాభం లేదు. ఆవిరికి బట్ట ఎంత అడ్డుపడుతుందో చెప్పే ఆర్‌ఈటీ (RET) విలువ ఇచ్చి ఉంటే అది చూడండి. తక్కువ ఉంటే మేలు, 6 లోపు ఉంటే చాలా మంచిది.

లోయలో పుష్పావతి నది పక్కన ఆగినప్పుడు మా జాకెట్ల భుజాలు దగ్గరగా చూశాం. చేతుల మీద చినుకులు గుండ్రంగా నిలిచి జారిపోతున్నాయి. పట్టీ రాసుకున్న చోట మాత్రం బట్ట నీళ్లు పీల్చి నల్లబడింది. మెంబ్రేన్ నీళ్లని ఆపుతూనే ఉంది, కానీ పైన పరుచుకున్న నీటి పొర ఆవిరికి అడ్డుపడి, చల్లబడ్డ బట్ట లోపలి వైపున చెమట మళ్లీ నీరవుతోంది. పైబట్ట మీది నీటిని తోసే పూత పోయిందని దానర్థం. ఇప్పుడు వచ్చే ఫ్లోరిన్ లేని పూతలు పర్యావరణానికి మేలే గానీ నూనెకి ఓడిపోతాయి. తలకి కొబ్బరినూనె రాసి హుడ్ వేసుకున్నా, మెడకి సన్‌స్క్రీన్ పూసినా, ముందు అక్కడే తడుస్తుంది.

దీనికి మందు ఉతకడమే. సర్ఫ్ పొడి, కంఫర్ట్ లాంటివి వద్దు. షెల్ జాకెట్ల కోసమే అమ్మే ద్రవంతో, జిప్పులన్నీ మూసి, తాళ్లు వదులు చేసి ఉతికి, రెండుసార్లు జాడించాలి. ఆరాక డ్రైయర్లో తక్కువ వేడి మీద 20 నిమిషాలు, లేదా పైన పలుచని తువ్వాలు వేసి ఆవిరి లేకుండా గోరువెచ్చని ఇస్త్రీ. పూత వేడికే మళ్లీ మేల్కొంటుంది. అప్పటికీ చినుకు గుండ్రంగా నిలవకపోతే, నీటిని తోసే పూత స్ప్రే కొట్టాలి. ఇదంతా ఇంట్లోనే, బయల్దేరే ముందు. ఘంగారియా గదుల్లో ఆ తడికి మేజోళ్లే ఆరవు.

కొట్లో వేసి చూసేటప్పుడు లోపల వెచ్చని ఫ్లీస్ చొక్కా ఉండాలి. రెండు చేతులూ పైకెత్తితే నడుము కనబడకూడదు, మణికట్టు బయటపడకూడదు. హుడ్ బిగించి తల పక్కకి తిప్పితే అది తలతో పాటే తిరగాలి. హుడ్ ఒక కన్నుని కప్పేస్తే ఆ జాకెట్ వదిలేయండి. బ్యాగు తగిలించి నడుం బెల్టు పెట్టండి. జేబులు బెల్టు కింద పడితే నడకలో అవి ఉన్నా లేనట్టే. పూత జిప్పులు నీళ్లని పూర్తిగా ఆపలేవు, వెనక బట్ట మడత ఉందో లేదో చూడండి.

డబ్బు ఒక మేరకే ఉంటే, అంతా పైజాకెట్ మీద పోయకండి. చంక జిప్పులున్న మధ్యరకం 3-లేయర్ తీసుకుని, మిగిలినది వాన ప్యాంటుకి పెట్టండి. జాకెట్ అంచు నుంచి కారే నీళ్లన్నీ తొడల మీదికే వస్తాయి. బూట్లు విప్పకుండా తొడుక్కునేలా దానికి పక్క జిప్పులు మోకాలి పైదాకా ఉండాలి.