బావి దగ్గరి టెలిఫోనుకు బ్యాటరీ: ఇప్పటివరకు అయిన పని

నర్సంపేట వైపు మా ఊళ్లో ఇంటికీ, వ్యవసాయ బావి వద్ద ఉన్న మోటరు గదికీ మధ్య దూరం సుమారు కిలోమీటరు. రెండు చోట్లా పాత టెలిఫోన్లు అమర్చి, కోతుల బెడద ఉన్నందున 0.5 మి.మీ. రాగి తీగల జతను పైపులో పెట్టి భూమిలో పూడ్చాను. ఎక్స్ఛేంజీలు 48 వోల్టులు వాడతాయి గానీ, ఇంత దూరానికి అంత అవసరం లేదు. ఒక్కొక్కటి దాదాపు 200 ఓములుండే రెండు ఫోన్లు, 176 ఓముల తీగ కలిసి 576 ఓములే కాబట్టి, ఇంట్లోని 12 వోల్టుల బ్యాటరీతో సుమారు 21 మిల్లీఆంపియర్లు పారుతున్నాయి. మాట స్పష్టంగా వినిపిస్తోంది.

అయితే మోటరు గది నుంచి ఇంటి గంట మోగించాలంటే అక్కడ కూడా బ్యాటరీ ఉండాలి. 555 టైమరు అనే చిన్న చిప్పుతో గంట మోగించే 25 హెర్ట్జ్ ఏసీ పుట్టించి, 230 వోల్టులను రెండు 24 వోల్టులుగా దించే 24-0-24 ట్రాన్స్‌ఫార్మరును తిరగేసి (24 వోల్టుల వైపు బ్యాటరీ కలిపి, 230 వోల్టుల వైపు నుంచి తీసుకునేలా) వాడి, వరుసలో ఒక రెసిస్టరు పెట్టి 75 వోల్టులకు దగ్గరగా తెచ్చాను. ట్రాన్స్‌ఫార్మరు 50 హెర్ట్జ్ కోసం చేసినది; ఫ్రీక్వెన్సీ సగమైనప్పుడు వోల్టేజీని కూడా సగానికి దించకపోతే దాని ఇనుప కోర్ సంతృప్తమవుతుంది, అంటే ఇక అయస్కాంతత్వాన్ని పట్టలేదు. 12 వోల్టుల బ్యాటరీతో 12-0-12 ట్రాన్స్‌ఫార్మరు ఇక్కడ పనికిరాకపోవడానికి కారణం అదే.

అక్కడ పెట్టినది 7 ఆంపియర్-అవర్ల సీల్డ్ లెడ్ ఆసిడ్ బ్యాటరీ, దానికి చిన్న సోలార్ ప్యానెల్. గంట మోగడానికి అయ్యే ఖర్చు లెక్కలోకే రాదు. ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్‌ను అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్ తన కోసం తాను తీసుకునే 10 మిల్లీఆంపియర్లే రోజుకు 0.24 ఆంపియర్-అవర్లవుతాయి, ముసురు పట్టి ఎండ రాకపోతే రెండు వారాల్లో సగం బ్యాటరీని ఆ కంట్రోలరే తినేస్తుంది. తక్కువ తినే కంట్రోలర్ కోసం హనుమకొండ దుకాణాల్లో వెతుకుతున్నాను.

అంతకన్నా పెద్ద శత్రువు మా ఎండ. ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు పైన ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ ఈ రకం బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మే నెలలో రేకుల కప్పు కింద 45 డిగ్రీలంటే ఆశ్చర్యమేమీ లేదు. ఇందులోని ఆరు సెల్లుల్లో ఒక్కో సెల్లుకు డిగ్రీకి 3 మిల్లీవోల్టుల చొప్పున ఛార్జింగ్ వోల్టేజీని తగ్గించాలి కాబట్టి, 25 డిగ్రీల వద్ద 13.6గా ఉండే ఫ్లోట్ వోల్టేజీని (నిండిన బ్యాటరీని నిండుగానే ఉంచే వోల్టేజీని) వేసవికి 13.2కు దించాను. బ్యాటరీని కప్పు దగ్గరి అర మీది నుంచి తీసి, ఉత్తరం గోడ వారగా నేల మీద చెక్కపలకపై పెట్టాను. ధర ఎక్కువైనా, ఇది అయిపోయాక లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు నాలుగు వరుసగా పెట్టడమే మేలని నా అభిప్రాయం.

వానలు మొదలయ్యేలోగా పిడుగుల నుంచి రక్షణకు రెండు చివర్లా 230 వోల్టుల గ్యాస్ అరెస్టర్లు (ఎక్కువ వోల్టేజీ వస్తే దాన్ని భూమిలోకి మళ్లించేవి) బిగించి, వాటికి ఎర్త్ ఇవ్వవలసి ఉంది.