ఓజార్క్ అడవిదారుల్లో ఇంటిల్లిపాదీ సైకిళ్ల మీద

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, బెంటన్‌విల్ అనే ఈ ఊళ్లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉండడం అందుకు ముఖ్య కారణం. ఈ ఊరి చుట్టూ ఉన్న ఓజార్క్ అడవుల్లో సైకిల్ తొక్కడానికే దేశం నలుమూలల నుంచి జనం వస్తుంటారు. ఇక్కడే ఏళ్ల తరబడి ఉంటున్న మనవాళ్లలో మాత్రం చాలామంది ఆ దారుల్లో అడుగుపెట్టలేదు. మా ఇంటివారమూ, పక్క వీధిలో ఉండే మిత్రుల కుటుంబమూ కలిసి శనివారం ఉదయాలు అక్కడే గడుపుతున్నాం కనుక, పిల్లలతో వెళ్లాలనుకునే వారి కోసం మా పద్ధతిని రాస్తున్నాను.

2007లో స్లాటర్ పెన్ అనే చోట సుమారు 5 మైళ్ల బాటతో ఇక్కడ సైకిల్ బాటలు వేసే పని మొదలైంది. వాల్‌మార్ట్‌ను స్థాపించిన వాల్టన్ కుటుంబం అండతో అది ఏటేటా విస్తరించింది. 2016లో పొరుగునున్న బెల్లా విస్టాలో బ్యాక్ 40 అనే బాటలు తెరిచారు. ప్రతి బాట మొదట్లోనూ దాని కష్టాన్ని తెలిపే గుర్తు ఉంటుంది: ఆకుపచ్చ వృత్తమైతే సులువు, నీలి చతురస్రమైతే మధ్యస్థం, నల్ల వజ్రమైతే కఠినం. పిల్లలు ఆకుపచ్చ బాటలో ఏ భయమూ లేకుండా తిరగడం మొదలుపెట్టేదాకా నీలి గుర్తు వైపు వెళ్లనివ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

అన్నిటికంటే ముఖ్యమని నేను నమ్మేది వరుసక్రమం. అందరికంటే చిన్నవారిని ముందుంచి, వారి వెనుక కాస్త ఎడంగా ఒక పెద్దవారు నడపాలి. పెద్దవాళ్లు ముందుంటే, వెనుకబడిపోతున్నామన్న ఆత్రంతో పిల్లలు శక్తికి మించి తొక్కుతారు, మలుపులోకి వేగంగా దూసుకువెళ్లి అక్కడ గట్టిగా బ్రేకు పట్టేస్తారు. ఎక్కువ పడిపోయేది ఆ క్షణంలోనే. పిల్లలే ముందుంటే వేగాన్ని నిర్ణయించేది వారే కాబట్టి ఆ తొందర ఉండదు. పైగా వారి చక్రం ఎటు పోతున్నదో, భుజాలు ఎప్పుడు బిగుసుకుంటున్నాయో వెనుకనున్న వారికి స్పష్టంగా కనిపిస్తుంది. గాలిపంపు, ట్యూబు, మరలు బిగించే అలెన్ కీలు ఉన్న బలమైన మనిషి అందరికంటే చివర రావాలి. దారులు చీలే ప్రతిచోటా అందరూ చేరేదాకా ఆగాలి. ఖరీదైన సైకిల్ కొనడం కన్నా ఈ క్రమం పాటించడమే పిల్లలకు ఎక్కువ మేలు చేస్తుంది.

దిగుడు దారిలో సీటు మీద కూర్చోకూడదు. పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో ఉంచి, సీటు నుంచి లేచి, మోకాళ్లూ మోచేతులూ కొద్దిగా వంచాలి. బ్రేకు మలుపుకు ముందే, రెండు చేతులతో, మెల్లగా పట్టాలి. ఇంతకన్నా కష్టమైన పాఠం చూపుకు సంబంధించినది. దారిలో రాయి కనిపిస్తే పిల్లల కళ్లు దానికే అతుక్కుపోతాయి, సైకిల్ కూడా నేరుగా దాని మీదికే పోతుంది. "రాయిని చూడకు నాన్నా, పక్కనున్న దారిని చూడు" అని మా చిన్నవాడికి ఇప్పటికీ ప్రతి దిగుడు ముందూ చెబుతాను. వాడి తల పైకి లేవగానే హ్యాండిల్ దానంతటదే సర్దుకోవడం వెనుక నుంచి చూస్తుంటే కలిగే సంతోషం అంతా ఇంతా కాదు.

సెలవులకు వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలను ఇంట్లో వదిలి వెళ్లవలసిన పని లేదు. స్లాటర్ పెన్ వద్ద కొన్ని బాటలు, ఫేయెట్‌విల్ నుంచి బెల్లా విస్టా దాకా సాగే రేజర్‌బ్యాక్ గ్రీన్‌వే అనే చదునైన దారి పక్కనే వెళతాయి. వారు దాని మీద నింపాదిగా నడుస్తూ, చెట్ల సందుల్లోంచి మనవరాలు వంపులు తిరగడం చూడవచ్చు. ఆ తర్వాత అందరమూ ఒక బల్ల దగ్గర కూర్చుని పులిహోర డబ్బా తెరుస్తాం. కోలర్ అనే మరో చోట అడవి మధ్యలో ఒక కాఫీ కొట్టు కూడా ఉంది. నడిచి గానీ, సైకిల్ తొక్కి గానీ అక్కడికి చేరాలి.

ఈ నేలలో పదునైన చెకుముకి రాళ్లు ఎక్కువ, అవి టైరు పక్కగోడలను కోసేస్తాయి. అందుకే మందమైన టైర్లు మంచివి. వేసవిలో పశువులకు పట్టే గోమార్ల వంటి పురుగులు (టిక్స్) మనుషులకూ పట్టుకుంటాయి కనుక, ఇంటికి రాగానే పిల్లల మోకాళ్ల వెనుక, చెవుల వెనుక, నడుము దగ్గర తప్పక చూడాలి. మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ తీగను తాకితే దద్దుర్లు వస్తాయి. ఆ ఆకును పిల్లలకు ముందే చూపించి పెట్టాలి.

పైకి ఎక్కేవారికి దిగేవారు దారి ఇవ్వాలి. నడిచేవారికి అందరూ దారి ఇవ్వాలి. వాన వెలిసిన వెంటనే వెళితే మెత్తబడిన మట్టిలో చక్రాల గాడులు పడతాయి, మరుసటి వానకు నీరు ఆ గాడుల వెంటే పారి బాటను కోసేస్తుంది. చలికాలంలో రాత్రి గడ్డకట్టిన నేల, ఎండెక్కేసరికి కరిగి బురదవుతుంది కాబట్టి ఆ రోజుల్లో తెల్లవారుజామునే వెళ్లి త్వరగా తిరిగి రావాలి. టైరుకు మట్టి అంటుకుంటున్నదని తెలియగానే మేము పిల్లలను వెనక్కి తిప్పి, మిగిలిన ఉదయమంతా గ్రీన్‌వే మీద తొక్కుతాం.