కాంచనబురి: వంతెన దగ్గరే ఆగిపోకండి

బ్యాంకాక్ నుంచి కాంచనబురి వెళ్లే ఒక్కరోజు టూర్లది చాలావరకు ఒకటే వరస. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం థాయ్‌లాండ్ నుంచి బర్మాకు వేయించిన రైలుమార్గం మీది క్వాయ్ నది వంతెన దగ్గర దింపుతారు, ఫొటోలు, భోజనం, సాయంత్రానికి మళ్లీ బ్యాంకాక్. నేనూ నా స్నేహితుడూ ఆ టూర్ వద్దనుకుని రెండు రోజులు పెట్టుకుని రైల్లో వెళ్లాం. చరిత్ర మీద మనసున్నవాళ్లకు రెండు రోజులు తప్పనిసరి అని వెళ్లొచ్చాక గట్టిగా చెప్పగలను.

రైలు ఉదయం ఎనిమిదికి ముందే, బ్యాంకాక్‌లోని థోన్‌బురి స్టేషన్ నుంచి. బ్యాంకాక్ పాత పెద్ద స్టేషన్ హువా లాంపాంగ్‌కి వెళ్లి నిలబడితే రైలు తప్పిపోయినట్టే. విదేశీయులకు ఎక్కడ దిగినా 100 బాత్‌ల టికెట్. పక్క సీట్లో స్థానికులు చిల్లర డబ్బులతో ప్రయాణిస్తుంటే కాస్త కడుపు మండుతుంది గానీ, వ్యాన్ టూర్‌తో పోలిస్తే ఇది చవకే. అంతా మూడో తరగతే, రిజర్వేషన్ లేదు, ఏసీ లేదు. అరగంట ముందే వెళ్లి ఎడమవైపు కిటికీ పట్టుకోండి. లైను చివరి స్టేషన్ నామ్‌టోక్ వైపు వెళ్లేటప్పుడు నది ఎడమవైపే ఉంటుంది. థామ్ క్రసే దగ్గర కొండ అంచున చెక్క దూలాల మీద రైలు నత్తలా పాకుతుంది. కుడివైపు చెయ్యి చాపితే రాయి తగిలేంత దగ్గర, ఎడమవైపు కింద నీళ్లు.

వంతెనను చూసేటప్పుడు ఒక్క విషయం గమనించండి. విల్లులా వంగిన ఇనుప కమానులు అసలువి, జావా నుంచి విప్పి తెచ్చి బిగించినవి. మధ్యలో పలకలుగా ఉన్న రెండూ యుద్ధం తర్వాత జపాన్ పరిహారంగా కట్టి ఇచ్చినవి. 1945 బాంబు దాడుల్లో కూలింది అక్కడే. నది పేరు కూడా అప్పట్లో ఇది కాదు. వంతెన ఉన్న నది మే క్లోంగ్. 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' సినిమా చూసి జనం 'క్వాయ్ నది' ఎక్కడని వెతుక్కుంటూ రావడంతో 1960 దశకంలో ఈ పాయకు ఖ్వే యై అని పేరు మార్చారు. 'క్వాయ్' అంటే థాయ్‌లో గేదె. అక్కడివాళ్లతో 'ఖ్వే' అనండి.

కాంచనబురి స్టేషన్ దగ్గర్లోనే, రైలుమార్గం పనిలో చనిపోయిన యుద్ధఖైదీల శ్మశానం. దాదాపు 7 వేల సమాధులు, కత్తిరించిన పచ్చిక, ఫలకాల మీద పేరు, వయసు. రెండు సమాధుల్లో మాత్రం 300 మంది చితాభస్మం ఉంది. 1943 మే, జూన్‌లలో 'నీకే' అనే శిబిరంలో కలరాతో చనిపోతే దహనం చేసిన ఖైదీలది. ద్వారం దగ్గరి మండపంలో అవిభక్త భారత సైన్యానికి చెందిన 11 మంది పేర్లున్నాయి. లోపలికి వెళ్లే తొందరలో మేము దాటిపోయి, తిరిగొచ్చేటప్పుడు చూశాం. మీరు ముందే ఆగి చదవండి.

అక్కడే నా స్నేహితుడు అడిగాడు: "మరి కూలీలు ఎక్కడరా?"

415 కిలోమీటర్ల ఈ రైలుమార్గాన్ని 1942-43లో ఏడాదిన్నర లోపే వేయించింది జపాన్ సైన్యం. 60 వేలకు పైగా యుద్ధఖైదీలు పనిచేస్తే 12 వేలకు పైగా చనిపోయారు. ఆసియా కూలీలు దాదాపు రెండు లక్షలు, చనిపోయింది 90 వేల దాకా అని అంచనా. మలయా రబ్బరు తోటల నుంచి రోజుకో డాలరు, మూడు నెలల పని అని ఆశపెట్టి కొందరిని, బలవంతంగా కొందరిని గూడ్సు పెట్టెల్లో కుక్కి తెచ్చారు. వాళ్లలో ఎక్కువమంది తమిళులు, వాళ్లతోపాటు తెలుగువాళ్లు. ఖైదీలకు తమ అధికారులు, తమ డాక్టర్లు ఉన్నారు. లెక్కలు రాసిపెట్టారు. కూలీలకు డాక్టరూ లేడు, పేరు రాసుకునేవాడూ లేడు. కలరా వస్తే శిబిరాలకు శిబిరాలే తుడిచిపెట్టుకుపోయాయి.

మర్నాడు హెల్‌ఫైర్ పాస్ (నరకాగ్ని కనుమ), రైలుమార్గం కోసం కొండను కోసిన చోటు. కాంచనబురి నుంచి 323 హైవే మీద 80 కిలోమీటర్లు. బస్టాండులో సంగ్‌ఖ్లబురి వైపు వెళ్లే బస్సెక్కి కండక్టరుకు ముందే చెప్పండి, రోడ్డు మీద దింపుతారు. తిరుగు బస్సు ఎన్నింటికో అప్పుడే అడిగి పెట్టుకోవాలి, సాయంత్రమైతే బస్సులు పలచబడతాయి. ఆస్ట్రేలియా ప్రభుత్వం నడిపే మ్యూజియం ఉదయం 9 నుంచి 4 వరకు, ఉచితం. చెవికి పెట్టుకునే ఆడియో గైడ్ తప్పక తీసుకోండి. నీళ్లు, జారని బూట్లు కావాలి. మ్యూజియం నుంచి పాస్‌కి మెట్లు దిగడం సులువే, ఎండలో మళ్లీ ఎక్కి రావడమే కష్టం. మాంసం తినని వాళ్లు 'కిన్ జే' అని చెప్పాలి. ఊరికే కూరగాయలు అంటే చేపల సాసు పడుతుంది.

పాస్ అంటే సున్నపురాతి కొండను నిలువునా కోసిన సందు. లోతైన చోట దాదాపు 25 మీటర్లు. కోసింది ఎక్కువగా సమ్మెటలతో. ఒకడు ఉక్కు కడ్డీ పట్టుకోవాలి, ఇంకొకడు సమ్మెటతో కొట్టాలి. ప్రతి దెబ్బకూ కడ్డీని కొంచెం తిప్పకపోతే రాయిలో ఇరుక్కుపోతుంది. మధ్యలో నీళ్లు పోసి, చివర చదును చేసిన తీగతో లోపలి పొడి తోడాలి. జంటకు రోజుకు ఒక మీటరు లోతు అని మొదలై, తర్వాత రెండు, మూడుకు పెంచారు. ఆ గుంతలో మందు కూరి పేల్చాక రాళ్లను తట్టల్లో మోయాలి. రాత్రి కాగడాలు, మంటల వెలుగులో పని. పేరు అందుకే వచ్చింది.

గోడల మీద సగం గొట్టాల్లా నిలువు గాడులు ఇప్పటికీ ఉన్నాయి. ఒకదానిలో వేలు పెట్టి చూశాను, బొటనవేలికి సరిపోయింది. ఇంకొంచెం ముందు రాతిలోనే విరిగిపోయిన కడ్డీ మొన తుప్పు పట్టి మిగిలి ఉంది. తిప్పడం ఆలస్యమైన ఒక్క దెబ్బ చాలు, అలా ఇరుక్కుని విరగడానికి. విరిగితే తన్నులు ఎవరికో వేరే చెప్పాలా?

తిరిగొచ్చాక వాట్ థావోర్న్ గుడికి వెళ్లాం. యుద్ధ శ్మశానం పక్కనే. పేర్లు తెలియని ఆసియా కూలీల అస్థికలు దాచిన స్తూపం అక్కడే ఉంది. మలేషియా తమిళులు నిలిపిన నడుకల్లూ అక్కడే. మన ఊళ్ల పొలిమేరల్లో కనిపించే వీరగల్లు లాంటిదే. గేటు దగ్గర దండలు అమ్మేవాళ్లు ఎవరూ లేరు, పూలు కావాలంటే ఊళ్లోనే కొని తెచ్చుకోండి.