పాత గ్రౌట్ తీయకుండా దాని మీదే కొత్తది పూయించకండి

మా బాత్రూమ్ నేల టైల్స్ మధ్య గీతలు, అంటే వాటిలో నింపిన గ్రౌట్, నల్లబడి చాలాకాలమైంది, తలుపు దగ్గరైతే అగ్గిపుల్ల దూరేంత సందు పడింది. రోజూ చూస్తూనే ఉన్నాం. కింది ఫ్లాట్ ఆంటీ పైకి వచ్చి "మా బాత్రూమ్ సీలింగ్ చెమ్మ పట్టిందమ్మా, ఒకసారి వచ్చి చూడు" అని పిలిచేదాకా పట్టించుకోలేదు. వెళ్లి చూశాక చాలా బాధేసింది, పెచ్చులు ఊడి పడుతున్నాయి పాపం.

వెంటనే మేస్త్రీని పిలిచాం. ఆయన అరగంటలో పాతదాని మీదే వైట్ సిమెంట్ కలిపి పామేసి వెళ్లిపోయాడు. చూడ్డానికి తెల్లగా, కొత్తగా ఉంది. నాలుగు నెలలు తిరక్కుండానే గోటితో గీరితే పొరలు పొరలుగా లేచి వచ్చేసింది. కారణం తర్వాత అర్థమైంది: పాత గీత మీద సబ్బు జిడ్డు, నాచు ఉంటాయి, పైగా కొత్తది నిలబడ్డానికి లోతు లేదు. అర మిల్లీమీటరు మందం పూత నీళ్ల వాడకానికి, కాలి రాపిడికి ఎన్నాళ్లు ఆగుతుంది?

ఈసారి ముందు ప్లంబర్‌తో చూపించాం. నహానీ ట్రాప్ (నేల మీద నీళ్లు బయటికి పోయే రంధ్రం) మూసి, నేల మీద రెండంగుళాల నీళ్లు ఒకరోజు నిలబెడితే కింద చెమ్మ పెరిగింది, అంటే కొళాయి పైపుల్లో కాదు, నేల నుంచే దిగుతోందని తేలింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. గ్రౌట్ ఒక్కటే వాటర్‌ప్రూఫింగ్ కాదు, ఆ పని టైల్స్ కింద ఉండే పూతది. కానీ పైన సందులు తెరుచుకుని ఉంటే ఆ పూత మీద నీళ్లు నిలుస్తూనే ఉంటాయి, పాత ఫ్లాట్లలో అదెంత బలంగా ఉందో ఎవరికీ తెలియదు. మొత్తం తవ్వించే ఖర్చుకి దిగేముందు గీతలు సరిగ్గా చేసి చూద్దాం అనుకున్నాను.

"గ్రైండర్ తెస్తే గంట పని మేడం" అన్నాడు మేస్త్రీ. నేను వద్దన్నాను. మా గీతల వెడల్పు రెండు మిల్లీమీటర్లు, నాలుగంగుళాల కోత చక్రం తిరిగే ఆ గ్రైండర్ పట్టుకున్న చెయ్యి కాస్త జారినా టైల్ అంచు ఎగిరిపోతుంది, పదిహేనేళ్ల కిందటి ఆ డిజైన్ ఇప్పుడు ఏ షాపులోనూ దొరకదు. మా అమ్మ సలహా యాసిడ్. "పోసి పది నిమిషాలు ఉంచితే కరిగిపోతుంది కదే" అంది. నిజమే, కరుగుతుంది. కానీ ఎక్కడ ఆగాలో దానికి తెలియదు కదా. టైల్ కిందకి దిగి, టైల్‌ని పట్టుకుని ఉన్న సిమెంటుని కూడా తింటుంది. అసలు మా గీతలు ఇలా అయింది కూడా యాసిడ్ వల్లే. బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుంటుందని ప్రతి వారం బాత్రూమ్ యాసిడ్ పోసి కడిగేవాళ్లం, ఆ ఉప్పులో ఉన్నదీ, వైట్ సిమెంటులో ఉన్నదీ కాల్షియమే. ఉప్పుతోపాటు గ్రౌట్ కూడా కొంచెం కొంచెంగా కొట్టుకుపోయింది. వంటగదిలో కడప బండ ఉన్నవాళ్లు దాని మీద అసలు పోయకండి, అది సున్నపురాయి, పాలిష్ పోతుంది. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ కూడా చల్లితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణం మీదకి తెస్తుంది.

చివరికి ఇనుము కోసే హ్యాక్సా బ్లేడుతో మొదలుపెట్టాను. రెండు బ్లేడులు జంటగా పెట్టి, పట్టుకునే వైపు ఇన్సులేషన్ టేపు మందంగా చుడితే రెండు మిల్లీమీటర్ల గీతలో సరిగ్గా కూర్చుంటుంది. గీతకి రెండు పక్కలా మాస్కింగ్ టేపు వేస్తే టైల్ మీద గాట్లు పడవు. ముందు స్ప్రే బాటిల్‌తో కాస్త తడపాలి, లేకపోతే దుమ్ము లేస్తుంది, ఆ సిమెంటు, ఇసుక దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్క్, కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోండి. బ్లేడుని వాల్చకుండా నిలువుగా పట్టి లాగాలి, నొక్కితే లాభం లేదు, పళ్లు అరిగిపోతాయంతే. నాకు ఆరు బ్లేడులు పట్టాయి.

ఎంత లోతు తీయాలన్నదే అసలు విషయం. టైల్ మందంలో మూడింట రెండు వంతులైనా తీయాలి. మా టైల్ దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు, అందుకని అగ్గిపుల్ల మీద ఐదున్నర దగ్గర పెన్నుతో గుర్తు పెట్టుకుని ప్రతి జానెడుకీ గుచ్చి చూసుకున్నాను. ఐదడుగులు ఏడడుగుల బాత్రూమ్, అడుగు టైల్స్. గోడ అంచులతో కలిపి లెక్కేస్తే గీతలు 80 అడుగులు దాటాయి! రోజుకి మూడు గంటల చొప్పున మూడు రోజులు పట్టింది. మొండిగా ఉన్నచోట పాత స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా తట్టాను. మల్టీటూల్ అనే చిన్న కరెంటు మెషీన్ అద్దెకి దొరికితే తీసుకోండి, అది గ్రైండర్‌లా తిరగదు, అటూ ఇటూ వణుకుతుంది కాబట్టి టైల్‌కి భయం తక్కువ. మీ ఇంట్లో ఉన్నది ఎపాక్సీ (సిమెంటు బదులు రెసిన్, హార్డెనర్ కలిపి చేసే గట్టి గ్రౌట్) అయితే మాత్రం హ్యాక్సాతో తంటాలు పడకండి, హీట్ గన్‌తో వేడి చేస్తే మెత్తబడుతుంది, అప్పుడు గీకాలి.

తీశాక టూత్‌బ్రష్‌తో దులిపి, కడిగి, రెండు రోజులు ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాం. అన్నాళ్లూ స్నానాలు రెండో బాత్రూమ్‌లోనే. తర్వాత ఎపాక్సీ గ్రౌట్ నింపాను. అది త్వరగా గట్టిపడుతుంది కాబట్టి కొంచెం కొంచెమే కలుపుకోవాలి, టైల్ మీద అంటుకున్నది అప్పటికప్పుడే తడి స్క్రబ్బర్‌తో తుడవాలి, ఎండిందంటే దాన్ని వదిలించడం ఇంకో పెద్ద పని. నేల గోడని కలిసే మూలల్లో గ్రౌట్ కాకుండా రబ్బరులా సాగే సిలికాన్ పెట్టాను, ఆ మూలలు కాస్త కదులుతాయి, గ్రౌట్ అయితే మళ్లీ చీలుతుంది.

నెలన్నర అయింది. ఆంటీ వాళ్ల సీలింగ్ మీద మరక అంచులు ఎండి, లేత గోధుమ రంగుకి వచ్చాయి. ఇంకో నెల చూసి పెయింట్ వేయించుకుంటాను అన్నారు, ఆ పెయింట్ ఖర్చు మేమే ఇస్తామని చెప్పాం.