స్టాకు రిజిస్టరులో లేని వస్తువులు

1990లలో మన బడిలో చదివిన పూర్వ విద్యార్థులకు క్రాఫ్టు గది గుర్తుండే ఉంటుంది. ‘సైన్సు ప్రయోగశాల’ అని బోర్డు ఉన్న గది వేరు. అందులో గాజు తలుపుల బీరువా, బీరువాలో బీకర్లు, త్రాసు, గాల్వనోమీటరు, బీరువాకు తాళం. మేము వాటిని అద్దంలోంచే చూశాం. సైన్సు నేర్చుకున్నది మాత్రం బావి పక్కన, పెంకుల కప్పు కింద ఉన్న క్రాఫ్టు గదిలో.

ఆ గదికి చరిత్ర ఉంది. 1937లో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో గాంధీజీ, చదువు చేతివృత్తి ద్వారా సాగాలన్నారు. ఆ ఆలోచన దేశంలోని ఎన్నో బడులలో ఒక క్రాఫ్టు పీరియడుగా మిగిలింది. మా కాలానికి అదీ చిక్కిపోయింది. పదో తరగతి మార్కులలో దానికి చోటు లేదు. ఆడపిల్లలకు కుట్లు, మగపిల్లలకు వడ్రంగం అనే విభజన మాత్రం గట్టిగా ఉండేది. దాన్ని చెరిపేసింది మా సైన్సు మాస్టారు. క్రాఫ్టు మాస్టారిని ఒప్పించి, అందరూ సూదీ పట్టాలి, చిత్రికా పట్టాలి అన్నారు. నేను ఈ రోజు వైద్య పరికరాల డిజైన్ ఇంజనీరుగా పనిచేస్తున్నానంటే, పద్నాలుగేళ్ల వయసులో నా చేతికి రంపం ఇవ్వడానికి ఆయన జంకకపోవడమే మొదటి కారణం.

ఆ గదిలో చేసినవాటిలో మోటారు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సైన్సు మాస్టారు బజారులోని మోటారు వైండింగ్ షాపు నుంచి తీగ ముక్కలు తెచ్చేవారు. కాలిపోయిన వ్యవసాయ మోటార్లకు కొత్త తీగ చుట్టాక మిగిలే ముక్కలవి, రాగి మీద కరెంటును దాటనివ్వని ఎనామిల్ పూత ఉన్నవి. పాడైన రేడియో స్పీకరు నుంచి ఊడదీసిన అయస్కాంతం, రెండు పిన్నీసులు, ఒక టార్చిలైటు బ్యాటరీ. తీగను బ్యాటరీ మీదే చుట్టి బయటికి లాగితే గుండ్రని చుట్ట వస్తుంది. దాని రెండు కొసల మీద పూత గీకి, బ్యాటరీ రెండు చివరలకు తగిలించిన పిన్నీసుల కన్నాలలో నిలిపి, కింద అయస్కాంతం పెట్టాలి. అంతవరకే చెప్పారు.

మేమంతా శ్రద్ధగా రెండు కొసలూ చుట్టూ మెరిసేలా గీకాం. చుట్ట కాస్త ఊగి ఆగిపోయింది. బ్యాటరీ వేడెక్కింది. మాస్టారు వచ్చి చూసి, బ్యాటరీ తీసేయమని మాత్రం చెప్పి వెళ్లిపోయారు. ఒక అమ్మాయి చుట్ట ఒక్కటే గిర్రున తిరిగింది. ఆమె ఒక కొసను చేత్తో తిప్పకుండా బల్ల మీద ఆనించి గీకింది కాబట్టి దానికి పైవైపు పూతే పోయింది, అడుగున అలాగే ఉంది. ఆ తేడా కనిపెట్టడానికి మా గుంపుకు రెండు పీరియడ్లు పట్టింది. రెండు కొసలూ పూర్తిగా గీకితే కరెంటు ఆగకుండా పారుతుంది. సగం చుట్టు తిరిగేసరికి అదే బలం చుట్టను వెనక్కి లాగుతుంది. ఒకవైపు పూత ఉంటే ఆ సగంలో కరెంటు తెగిపోతుంది, వచ్చిన ఊపుతో చుట్ట ముందుకు దాటిపోతుంది. మరుసటి వారం పాఠంలో, మోటారులో సగం చుట్టుకోసారి కరెంటు దిశ మార్చే కమ్యుటేటర్ బొమ్మ వచ్చినప్పుడు క్లాసులో ఎవరికీ దాన్ని బట్టీ పట్టాల్సిన పని రాలేదు. జవాబు తెలిసి కూడా మాస్టారిలా రెండు పీరియడ్లు నోరు మెదపకుండా ఉండటం ఎంత కష్టమో ఇప్పుడు కొత్త ఇంజనీర్లకు పని నేర్పుతుంటే నాకు తెలుస్తోంది.

ఇంకా ఎన్నో. 1995 అక్టోబరు 24న సూర్యగ్రహణం నాడు అట్టపెట్టెకు సన్నని కన్నం పొడిచి, సూర్యుడి బింబాన్ని కాగితం మీద పట్టుకున్నాం. వేపచెట్టు నీడలో వందల నెలవంకలు పరుచుకుని ఉంటే ఆకుల సందులతో చెట్టు కూడా అదే పని చేస్తోందని అర్థమైంది. అగ్గిపుల్లలను సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి చతురస్రం చేస్తే వంగిపోయేది, త్రిభుజం చేస్తే బిగుసుకునేది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడులతో మొదలైన విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమంలో చౌక వస్తువులతో సైన్సు బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా ఈ వాల్వు ట్యూబు పద్ధతికి రూపమిచ్చారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మన దగ్గర కుప్పంలో కేంద్రం ఉన్న అగస్త్య ఫౌండేషన్ ఇలాంటి చౌక నమూనాలనే వ్యాన్లలో ఊరూరా బడులకు తీసుకువెళుతోంది.

ఇప్పుడు మన బడికి, పిల్లలు తమ చేతులతో పరికరాలు చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబ్ వచ్చింది. కేంద్ర ప్రభుత్వ విధాన సలహా సంస్థ నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన పథకం ఇది. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు పిల్లల కోసం, బడికి 20 లక్షల రూపాయల దాకా సాయం. అందులో సగం పరికరాలకు, సగం నిర్వహణకు. 2025 కేంద్ర బడ్జెట్‌లో అయిదేళ్లలో ప్రభుత్వ బడులలో మరో 50,000 ల్యాబులు పెడతామని ప్రకటించారు. ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలుగా వస్తువులు చేసే త్రీడీ ప్రింటరు, ప్రోగ్రాం రాసి నడిపే ఆర్డుయినో బోర్డులు, సెన్సర్లు, సోల్డరింగ్ ఐరన్లు మన ఊరి పిల్లల చేతికి రావడం నాకు పండుగలా ఉంది.

సంక్రాంతికి వెళ్లినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు తమ పరికరం చూపించారు. కుండీలో మట్టి ఆరితే బజరు మోగుతుంది. రెండు కాళ్ల ఫోర్కులాంటి తేమ సెన్సరు మట్టిలో గుచ్చి ఉంటుంది. కొన్ని రోజులకే దాని ఒక కాలు నల్లబడి తినేసినట్టయింది, ఎప్పుడూ అదే కాలు. సెన్సరు మార్చారు, మళ్లీ అంతే. చివరికి ఒక అమ్మాయి అది రసాయనశాస్త్రంలోని విద్యుద్విశ్లేషణేనని పట్టేసింది. తడి మట్టిలో ఒకే దిశలో కరెంటు పారుతుంటే ధన ధ్రువం వైపు లోహం కరిగిపోతుంది. అందుకని గంటకోసారి, చదివే క్షణంలో మాత్రమే సెన్సరుకు కరెంటు వెళ్లేలా ప్రోగ్రాం మార్చారు. మా సంస్థలో ఎవరైనా ఇలా ఆలోచిస్తే నేను లేచి నిలబడి అభినందిస్తాను. ఆ అమ్మాయికీ అదే చేశాను.

కానీ ఆ ల్యాబు చూసే టీచరుగారి బెంగ వేరు. పాడైన సెన్సర్లను, బడి సామాన్ల లెక్క ఉండే స్టాకు రిజిస్టరులో ఎలా రాయాలి? ప్రతి వస్తువుకూ స్టాకు నంబరు ఉంది. పోతే సంజాయిషీ, బదిలీ అయినప్పుడు లెక్క అప్పగింత, తగ్గితే తన జేబులోంచి కట్టాల్సి వస్తుందన్న భయం. నేను వెళ్లిన మరికొన్ని బడులలో త్రీడీ ప్రింటరు మీద కవరు కూడా తీయలేదు. అది టీచర్ల సోమరితనమని నేను అనను. పోతే తానే జవాబు చెప్పాల్సిన వస్తువుకు ఎవరైనా తాళం వేస్తారు. మన కాలంలో బీరువాకు తాళం ఉన్నదీ ఇందుకే. క్రాఫ్టు గదిలో తీగ ముక్కలు, అట్టలు, పాత స్పీకర్లు ఏ రిజిస్టరులోనూ లేవు కాబట్టే మేము వాటిని విరిచాం, కాల్చాం, విప్పాం. నాలుగు సెన్సర్లు పాడైతే తప్ప దొరకని జవాబు ఒకటుంటుంది. ఆ నాలుగింటి ఖర్చు టీచరు మీద పడకూడదు.

అందుకని పూర్వ విద్యార్థులకు నా ప్రతిపాదన ఇది. ల్యాబుకు మరో ఖరీదైన యంత్రం, దాని మీద మన బ్యాచ్ పేరుతో పలక వద్దు. పాడవడానికే ఉద్దేశించిన సరుకు కొనిద్దాం: సెన్సర్లు, ఎల్‌ఈడీలు, తీగలు, బ్యాటరీలు, ప్రింటరుకు ప్లాస్టిక్ తీగ. అది మన సంఘం ఆస్తిగా వేరే అరలో ఉంటుంది, వాడి పారేసినా ఎవరూ అడగరు. ప్రధానోపాధ్యాయులు ఇందుకు ఒప్పుకున్నారు. ఊళ్లో ఉన్నవారిలో ఒకరు శనివారం సాయంత్రం ల్యాబులో కూర్చుంటే మరీ మంచిది. ఎలక్ట్రానిక్స్ తెలియకపోయినా ఫరవాలేదు, వడ్రంగం తెలిసినవారు, కుట్టుమిషను బాగుచేసేవారు, వైండింగ్ షాపు నడుపుతున్న మన క్లాసువాళ్లు ముందు రావాలి. ఆడపిల్లలు ఇళ్లకు చీకటి పడేలోపు చేరేలా వేళ పెడదాం. లేకపోతే వాళ్లే మొదట మానేస్తారు.

ఇళ్లలో పాడైన మిక్సీలు, ఫ్యాన్లు, రేడియోలు, గోడ గడియారాలు, ప్రింటర్లు ఉంటే పాత సామాన్లవాడికి అమ్మకుండా బడికి పంపండి. ప్లగ్గు తీగ కత్తిరించి పంపితే పిల్లలు పొరపాటున కరెంటుకు తగిలించరు. పాత పిక్చర్ ట్యూబు టీవీలు మాత్రం వద్దు, తీసి పక్కన పెట్టినా వాటిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఉబ్బిన ఫోను బ్యాటరీలూ వద్దు, గుచ్చుకుంటే అంటుకుంటాయి. మిగతావన్నీ ఈ వేసవి సెలవులు అయ్యేలోపు చేరితే, జూన్‌లో కొత్తగా ఆరో తరగతిలో చేరే పిల్లలకు మొదటి వారమే స్క్రూడ్రైవర్లు ఇవ్వాలని టీచరుగారు అనుకుంటున్నారు.