పదేళ్లకు తొలి గూడు

మే నెల మధ్యాహ్నం హనుమకొండలో గడప దాటలేని ఎండ. కూలరు ముందు కూర్చుని, దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని దక్షిణ జార్జియా దీవి పక్కనున్న బర్డ్ ఐలాండ్‌లో తీసిన ఒక వీడియో చూస్తున్నాను. మట్టి, నాచు, గడ్డి కలిపి బోర్లించిన కుండలా కట్టిన గూటి మీద, నూగు తప్ప ఈకలింకా రాని వాండరింగ్ ఆల్బట్రాస్ అనే సముద్రపక్షి పిల్ల ఒంటరిగా కూర్చుని ఉంది. ఈదురుగాలికి దాని నూగంతా ఒక పక్కకు ఒరిగిపోతోంది. వెనుక నుంచి అమ్మ తొంగి చూసి, “గంత చిన్నపిల్లను ఇడిసిపెట్టి తల్లీతండ్రీ ఏడికి పోయిన్రు?” అని అడిగింది.

మేతకే పోయాయి. డిసెంబరులో పెట్టిన ఒకే ఒక్క గుడ్డును రెండూ వంతులవారీగా దాదాపు 11 వారాలు పొదుగుతాయి. మార్చిలో పిల్ల బయటికి వచ్చాక సుమారు నెల రోజులు కాపలా ఉండి, ఆ తర్వాత రెండూ సముద్రం మీదికి వెళ్లిపోతాయి. మూడు మీటర్లు చాచిన రెక్కలను పెద్దగా ఆడించకుండానే, గాలిని ఆసరా చేసుకుని వేల కిలోమీటర్లు తిరిగి, కడుపు నిండా స్క్విడ్‌లూ చేపలూ నింపుకుని వచ్చి, పిల్ల నోట్లోకి కక్కుతాయి. పిల్ల, అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా ఉండే చలికాలమంతా మంచులో అక్కడే కూర్చుని, ఒక దశలో తల్లికన్నా బరువెక్కి, మళ్లీ డిసెంబరు వచ్చే వేళకు ఎగురుతుంది. అందుకే పిల్లను పెంచిన జంట రెండేళ్లకొకసారే గుడ్డు పెడుతుంది. ఆ పిల్ల తనదంటూ గూడు కట్టడానికి దాదాపు పదేళ్లు పడుతుంది.

పదేళ్ల పెంపకం ఒక్క గాలంతో పోతుంది. చేపల పడవలు వదిలే పొడవాటి తాళ్లకున్న ఎరను మింగి ఇవి మునిగిపోతాయి. బర్డ్ ఐలాండ్‌లో ఈ జంటలు 1960లతో పోలిస్తే సగానికి పైగా తగ్గాయి. దక్షిణ జార్జియా జలాల్లో తాళ్లను రాత్రిపూటే వదలాలని, వాటికి బరువులు కట్టాలని నియమాలు పెట్టాక అక్కడ ఈ చావులు దాదాపు ఆగాయి కానీ, ఈ పక్షి ఆ హద్దులో ఉండేది కాదు. మన బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద గూళ్లు పెట్టిన రాబందులదీ ఇదే లెక్క: ఏడాదికి ఒకే గుడ్డు, చావు తిండిలోనే. వాటి విషయంలో ఆ చావు, అవి తినే పశువుల కళేబరాల్లో మిగిలిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. మన దేశంలో పశువైద్యంలో దాన్ని 2006లో నిషేధించారు.

వీడియో చివర తల్లో తండ్రో వచ్చి దిగింది. ఆకాశంలో అంత ఠీవిగా ఉండే పక్షి నేల మీద బాతులా ఊగుతూ నడిచింది. పిల్ల దాని ముక్కును పొడిచి పొడిచి నోరు తెరిపించింది.

“గిప్పుడు తినవెట్టి మళ్ల పోతదా?”

“పోతదమ్మా.”