కెన్యా సఫారీకి లగేజీ పోగొట్టుకోకుండా వెళ్లి రావడం: నా అనుభవం

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అనేది లేదు, కెన్యాలోనూ 1977లోనే నిషేధించారు, కాబట్టి మాలాంటివాళ్ల వేటంతా కెమెరాతోనే. నేలపట్టు గూడబాతులు, పులికాట్ ఫ్లెమింగోలు, తలకోన అడవి, పలమనేరు వైపు ఏనుగులు, ఇవన్నీ తీసీ తీసీ చివరికి కెన్యాలోని మసాయ్ మారా అభయారణ్యం చూడాల్సిందేనని బయల్దేరాం. నేను, మా బావ, మాతోపాటు పక్షుల కోసం తిరిగే ఒక డాక్టరుగారు. వెళ్లొచ్చినప్పటి నుంచి తిరుపతిలో కెమెరా పట్టిన ప్రతివాళ్లూ నన్నడిగేది సింహాల గురించి కాదు, "అంత సామాను ఎట్ల తీసకపోయినావన్నా, పోలేదా?" అని. అందుకే వివరంగా రాస్తున్నా.

తుపాకీ పట్టుకుని వేరే ఆఫ్రికా దేశాలకు వేటకెళ్లే విదేశీయులకైనా, కెమెరాతో వెళ్లే మనకైనా భయం ఒకటే. పెట్టె రాకపోతే అక్కడ కొనుక్కునే దిక్కుండదు. పెళ్లికి వెళ్తే చీర ఏదో ఒకటి ఆ ఊళ్లో కొనేయొచ్చు, అడవి మధ్య క్యాంపులో లెన్సు ఎవరిస్తారు? నాకు అర్థమైంది ఏంటంటే, విమానాల్లో సామాను ఎక్కువగా తప్పిపోయేది ఒక విమానం నుంచి ఇంకో విమానానికి మారే చోట. అక్కడ జరిగేది మన చేతిలో ఉండదు. మన చేతిలో ఉన్నది అలా మారే చోట్లు తగ్గించుకోవడం, ఏ ఒక్క పెట్టె రాకపోయినా పని ఆగకుండా సర్దుకోవడం. మిగతావన్నీ దీని తర్వాతే.

టికెట్ దగ్గరే మొదలుపెట్టాం. ట్రావెల్ ఏజెంటు రేణిగుంట నుంచి హైదరాబాద్‌కి ఒక టికెట్, అక్కడి నుంచి ఇంకో సంస్థలో నైరోబీకి విడిగా ఇంకో టికెట్ చూపించాడు, చవక కూడా. "ఇంటి పక్కనే ఏర్‌పోర్టు పెట్టుకుని మద్రాసు దాకా కారెందుకు సార్?" అన్నాడు. కానీ రెండు వేర్వేరు పీఎన్ఆర్‌లు అయితే మామూలుగా మధ్యలో సామాను మనమే బెల్టు మీద తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, మొదటి విమానం లేటై రెండోది తప్పిపోతే రెండో సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. అందుకని చెన్నై నుంచే నైరోబీ దాకా ఒకే టికెట్, మధ్యలో గల్ఫ్‌లో ఒక్కచోటే మారడం. మారడానికి గంటన్నర ఉన్న విమానం ఉంది, మూడు గంటల పైచిలుకు ఉన్నదీ ఉంది, రెండోదే తీసుకున్నాం. మనిషి పరిగెత్తి ఎక్కేస్తాడు గానీ పెట్టె పరిగెత్తదు కదా.

ఇక సర్దడం. దీని మీదే మా ఇంట్లో పెద్ద చర్చ నడిచింది. నైరోబీలో దిగేది జోమో కెన్యాట్టా ఏర్‌పోర్టులో, మారాకి చిన్న విమానాలు బయల్దేరేది ఊళ్లో ఇంకో చోట ఉన్న విల్సన్ ఏర్‌పోర్టు నుంచి. ఆ చిన్న విమానాల్లో మనిషికి మామూలుగా 15 కిలోలే, అదీ చేతిబ్యాగుతో కలిపి, పైగా మెత్తటి బ్యాగులే తీసుకుంటారు, చక్రాల గట్టి సూట్‌కేసు లోపల పట్టదు. పెద్ద విమానంలో చెకిన్‌కి ఎంత ఇచ్చినా లాభం లేదు, కొలత ఈ 15 కిలోలే. కాబట్టి గుడ్డతో కుట్టిన డఫెల్ బ్యాగులు కొన్నాం. ఒక రకంగా అదే మేలు చేసింది, తక్కువ సామానుంటే పోయేదీ తక్కువే.

కెమెరా, లెన్సు, మెమరీ కార్డులు, మందులు, కళ్లజోడు, కాగితాలు ఎట్టి పరిస్థితుల్లోనూ చెకిన్‌లో వేయకూడదు. చాలా సంస్థల నిబంధనల్లోనే ఉంటుంది, చెకిన్ బ్యాగులో పెట్టిన ఎలక్ట్రానిక్ వస్తువులకూ విలువైన వాటికీ మేం జవాబుదారీ కాదు అని. కేబిన్‌లో 7 కిలోలే అన్నారు, నా 200-600 లెన్సే రెండు కిలోల పైన ఉంటుంది. జేబులు ఎక్కువున్న జాకెట్ ఒకటి తీసుకుని బ్యాటరీలు, చార్జర్, చిన్న లెన్సు అందులో వేసుకున్నా. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు ఎలాగూ చెకిన్‌లో వేయకూడదు, చేతిలోనే తేవాలి. 100 వాట్-అవర్ లోపువైతే అనుమతి అక్కర్లేదు, 160 దాకా అయితే విమాన సంస్థ ఒప్పుకోవాలి. ఎవరైనా మర్చిపోయి పెట్టెలో వేస్తే ఎక్స్‌రేలో పట్టుకుని ఆ పెట్టెను పక్కన పెట్టేస్తారు, మనం విమానమెక్కేస్తాం, అది అక్కడే ఉండిపోతుంది. పెట్టె రాకపోవడానికి ఇదీ ఒక కారణమని చాలామందికి తెలియదు. జీపు కిటికీ మీద లెన్సు ఆనించే బీన్ బ్యాగును మాత్రం ఖాళీగా మడిచి తీసుకెళ్లాం, అక్కడ క్యాంపు వంటవాళ్ల దగ్గర బియ్యం అడిగి నింపుకున్నాం.

తర్వాత మా బావకు అస్సలు నచ్చని పని ఒకటి చేయించా. ముగ్గురి బట్టలూ ముగ్గురి బ్యాగుల్లో కలిపి సర్దాం. నా స్వెటరు, రెండు జతల బట్టలు బావ బ్యాగులో, బావవి డాక్టరుగారి బ్యాగులో, ఆయనవి నా బ్యాగులో. "నా బ్యాగులో నీ బనియన్లేంది బావా, రేపు ఎవురిది ఎవురికి పోతాదో" అన్నాడు. ఏదైనా ఒక బ్యాగు రాకపోతే ఎవరూ ఒంటి మీది బట్టలతో మిగిలిపోకూడదన్నదే లెక్క. ముఖ్యంగా స్వెటర్లు, ఎందుకంటే మారా సముద్రమట్టానికి 1500 మీటర్ల పైన ఉంటుంది, ఆగస్టులో తెల్లవారుజామున పైకప్పు తెరిచిన జీపులో చలికి వేళ్లు బిగుసుకుపోతాయి. తిరుపతి ఎండకు అలవాటైన మనకు అది ఊహకే రాదు.

అమ్మ పప్పుల పొడి, నిమ్మకాయ ఊరగాయ ఇచ్చింది. పొడి తీసుకున్నా, ఊరగాయ వద్దన్నా, నూనె కారితే బ్యాగంతా పోతుంది. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం కాబట్టి పాలిథిన్ కవర్లేవీ లేకుండా అన్నీ గుడ్డ సంచుల్లోనే సర్దాం. తిరుమల కొండ మీద తిరిగేవాళ్లకు అది కొత్తేమీ కాదు. గైడుకు ఇవ్వమని చుట్టాలొకరు ఎర్రచందనం బొమ్మ తెచ్చారు, వెంటనే వెనక్కి ఇచ్చేశాం. ఎర్రచందనం దేశం దాటించడం మీద ఎంత గట్టి ఆంక్షలున్నాయో మన జిల్లావాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, దాని వల్ల బ్యాగు ఆగిపోతే ఇక సఫారీ మాటే ఉండదు.

బ్యాగుకు గుర్తు పెట్టడం చిన్న పనే గానీ అందులోనూ చూసుకోవాల్సినవి ఉన్నాయి. బావ తిరునామం స్టిక్కరు అంటిద్దామన్నాడు, "దేవుడి గుర్తు బెల్టు మీద దొర్లేదానికి వద్దు నాయనా" అని అమ్మ ఒప్పుకోలేదు, దూరం నుంచే కనబడేలా రెండు పక్కలా పసుపురంగు పట్టీలు కుట్టించాం. వేలాడే రిబ్బన్లు, తాళ్లు కట్టొద్దు, యంత్రాల్లో చిక్కుకుంటాయి. పాత ప్రయాణాల ట్యాగులు, పక్కన అంటించే చిన్న బార్‌కోడ్ ముక్కలు అన్నీ పీకేయాలి, లేకపోతే యంత్రం పాత బార్‌కోడును చదివే ప్రమాదం ఉంది. బయట పేరు, ఫోను నంబరు, ఈమెయిలు. లోపల, తెరవగానే కనిపించేలా, ఒక కాగితం. అందులో పేరుతోపాటు ఏ తేదీన ఎక్కడ ఉంటామో, నైరోబీ హోటలు, మారా క్యాంపు, వాళ్ల ఫోన్లు, తిరుగు ప్రయాణం తేదీ, అన్నీ ఇంగ్లీషులో. బయటి ట్యాగు ఊడిపోయినా ఆ కాగితం చూసి బ్యాగు ఎటు పంపాలో తెలుస్తుంది. బ్యాగు మూసి ఒక ఫొటో, తెరిచి ఒక ఫొటో. నా బ్యాగులో ఎయిర్‌ట్యాగ్ కూడా వేశా, బ్యాగు ఎక్కడుందో ఫోనులో చూపించే చిన్న బిళ్ల అది.

యెల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే ఇక్కడ ఆపేస్తారు, కాబట్టి అది పాస్‌పోర్టుతోపాటే చేతిలో ఉండాలి. ఖరీదైన కెమెరాలున్నవాళ్లు బయల్దేరేటప్పుడే ఏర్‌పోర్టులో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి, వస్తువు చూపించి సీరియల్ నంబర్లు రాయించుకోవాలి, అప్పుడు తిరిగొచ్చాక అది అక్కడ కొన్నదని సుంకం అడగరు. ఆ సీరియల్ నంబర్ల జాబితా తర్వాత ఇన్సూరెన్సుకూ పనికొస్తుంది.

పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నైకి. తిరువళ్లూరు దాటాక ట్రాఫిక్‌ని నమ్మలేం కాబట్టి బాగా ముందే బయల్దేరాం. ఆలస్యంగా చెకిన్ చేసిన బ్యాగులు విమానందాకా చేరకపోయే అవకాశం ఎక్కువ. కౌంటర్ దగ్గర సిగ్గుపడకుండా అడిగి చూడాల్సింది ట్యాగు. దాని మీద చివరి గమ్యం మూడక్షరాల్లో ఉంటుంది, నైరోబీకి ఎన్‌బీవో. పదంకెల నంబరుంటుంది, చివరి ఆరూ ఆ బ్యాగుకే చెందిన అంకెలు. ట్యాగు మీది నంబరూ, మనకిచ్చే చిన్న చీటీ మీది నంబరూ, ఆ బ్యాగు ఎవరి పేరు మీద ఎక్కిందో అదీ సరిచూసుకున్నాం. ముగ్గురం కలిసి వెళ్తే ముగ్గురి బ్యాగులూ ఒక్కరి పేరు మీద వేసేస్తుంటారు, అలా వద్దు, ఎవరిది వాళ్ల పేరు మీదే వేయమని చెప్పాం. నష్టపరిహారం లెక్క మనిషికి ఇంత అని ఉంటుంది, బ్యాగుకు ఇంత అని కాదు.

ఇన్ని జాగ్రత్తలతో బయల్దేరినా ఆ రాత్రి చెన్నైలో వాన. విమానం కదలడమే బాగా ఆలస్యమైంది, గల్ఫ్‌లో దిగేసరికి మా మూడు గంటలు కాస్తా గంటలోపుకి వచ్చేశాయి. మేం ఎక్కేశాం. సీట్లో కూర్చుని ఫోను చూస్తే నా బ్యాగు ఇంకా పాత విమానం దగ్గరే ఉన్నట్టు చూపిస్తోంది. సిబ్బందికి చూపించా, ఆమె మర్యాదగానే చెప్పింది, ఇప్పుడు చేయగలిగింది లేదు, నైరోబీలో దిగగానే కౌంటర్‌కి వెళ్లండి అని. టెన్షన్ పడ్డాననే చెప్పాలి, కానీ ఆ బ్యాగులో ఏముందో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే ట్రైపాడ్, నా సగం బట్టలు, డాక్టరుగారి చొక్కాలు, అంతే.

నైరోబీలో బెల్టు ఆగిపోయేదాకా నిలబడలేదు. బావని అక్కడ ఉంచి నేను నేరుగా బ్యాగేజీ కౌంటర్‌కి వెళ్లా, క్యూ పెరగకముందే. బ్యాగు రాకపోతే హాలు దాటి బయటికి రాకముందే పీఐఆర్ అనే ఫిర్యాదు కాగితం రాయించాలి. హోటల్‌కి వెళ్లాక ఫోన్ చేద్దాంలే అనుకుంటే పని బాగా కష్టమవుతుంది. కౌంటర్‌లో రకరకాల బ్యాగుల బొమ్మలున్న చార్టు ఇచ్చి నీది ఏ రకం, ఏ రంగు అని అడుగుతారు. నేను ఫొటోలే చూపించా, పసుపు పట్టీలతో సహా. పది అక్షరాలు, అంకెల రెఫరెన్సు ఇచ్చారు, ఏర్‌పోర్టు కోడుతో మొదలవుతుంది, దాంతో ఆన్‌లైన్‌లో వరల్డ్ ట్రేసర్‌లో, అంటే తప్పిపోయిన సామాను వెతికే వ్యవస్థలో, చూసుకోవచ్చు. డెలివరీ చిరునామా అన్నప్పుడు మా ప్రయాణం కాగితం ఇంకో కాపీ ఇచ్చా. హోటల్ పేరొక్కటే రాసి ఊరుకుని ఉంటే, మేం మారాకి వెళ్లిపోయాక బ్యాగు హోటల్‌కి వచ్చి అక్కడే కూర్చునేది.

మేం ఆగలేదు, మర్నాడు పొద్దున్నే విల్సన్ నుంచి మారాకి ఎగిరిపోయాం. బ్యాగు కోసం నైరోబీలో ఆగడం దండగ, నది దాటే వైల్డ్‌బీస్ట్ మందలు మనకోసం ఆగవు. వెళ్లేముందు సఫారీ ఏర్పాట్లు చూసే స్థానికుడికి నా సంతకంతో ఒక అధికార పత్రం, పాస్‌పోర్టు కాపీ, పీఐఆర్ కాపీ, బ్యాగు చీటీ ఫొటో, తాళం నంబరు ఇచ్చా. తాళం నంబరు ముఖ్యం. మనిషి లేకుండా వచ్చిన బ్యాగును కస్టమ్స్‌వాళ్లు తెరవమంటే తెరవాలి కదా. ఆ సాయంత్రం ఎయిర్‌ట్యాగ్ నైరోబీ చూపించింది, ఆయన వెళ్లి తీసుకున్నాడు, తర్వాతి విమానంలో వేశాడు. మట్టి రన్‌వే పక్కన జీపులో కూర్చుని దాన్ని దించుతుంటే చూశాం. ఈలోగా మాకు జరిగిన లోటేమీ లేదు. బావ బ్యాగులోని స్వెటరే వేసుకుని మొదటి రోజు పొద్దున చిరుతను తీశా. బావ మళ్లీ బనియన్ల మాట ఎత్తలేదు.

తిరిగొచ్చాక క్లెయిమ్ సంగతి. బ్యాగు ఆలస్యమైతే అది చేతికొచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోపు, దెబ్బతింటే 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, ఇది 1999 మాంట్రియల్ ఒప్పందం, మన దేశం కూడా 2009 నుంచి అందులో ఉంది. 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క. గరిష్ఠ పరిహారం 2024 డిసెంబరు 28 నుంచి మనిషికి 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకు వాడే యూనిట్), అంటే రెండు వేల డాలర్ల దరిదాపు. మన సామాను అంతకన్నా విలువైతే చెకిన్ అప్పుడే ప్రత్యేకంగా విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టొచ్చు, లేదా ఇన్సూరెన్సు ఉండాలి. మేం ఇన్సూరెన్సులో బ్యాగేజీ ఆలస్యానికి ఎన్ని గంటలు దాటితే ఇస్తారన్నది ముందే చదువుకున్నాం.

నైరోబీలో కొన్న టూత్‌బ్రష్, సాక్సులు, ఒక ప్యాంటు, ఆ రసీదులన్నీ ఫొటో తీసి దాచా. పీఐఆర్, బోర్డింగ్ పాస్, బ్యాగు చీటీ, రసీదులు జతచేసి విమాన సంస్థకు ఈమెయిలు పెట్టా. ముందు సారీ అని ఒక మెయిల్ వచ్చింది, నేను ఒప్పందంలోని ఆలస్యం నిబంధన రాసి మళ్లీ పంపా, ఇంకోసారి గుర్తుచేశా, అప్పుడు రసీదుల మేరకు డబ్బు బ్యాంకులో పడింది. చిన్న మొత్తమే, అయినా వదిలేయొద్దు. బోర్డింగ్ పాస్, బ్యాగు చీటీ మాత్రం క్లెయిమ్ తేలేదాకా పారేయకండి, వాళ్లు ముందుగా అడిగేవి అవే.